జాగా జాజిస్ట్ ‘పిరమిడ్’: కాగితం మీద కూర్చిన జాజ్

నార్వేలోని టోన్స్‌బర్గ్ పట్టణంలో 1994లో మొదలైన జాగా జాజిస్ట్ బృందం 2020 ఆగస్టులో ‘పిరమిడ్’ ఆల్బమ్‌ను విడుదల చేసింది. ఇందులో ఉన్నవి నాలుగే రచనలు. అన్నీ కలిపినా దాదాపు నలభై నిమిషాలే. జాజ్‌కు ఎలక్ట్రానిక్ సంగీతాన్ని జోడించామని చెప్పుకునే ఆల్బమ్‌లలో చాలావరకు ఒక యంత్రతాళం మోగుతూ ఉంటే దాని మీద సాక్సోఫోన్ తన దారిన తాను సాగిపోతుంది. ఇక్కడ మాత్రం విద్యుత్తుతో స్వరాలు పుట్టించే సింథసైజర్ ఎత్తుకున్న స్వరాన్ని ట్రాంబోన్ అనే ఇత్తడి బాకా అందుకుంటుంది, ట్రాంబోన్ వదిలిన చోట లోహపు పలకలను కర్రలతో మోగించే వైబ్రాఫోన్ కొనసాగిస్తుంది. ఏది ఎక్కడ ఆగిందో పట్టుకోవాలంటే వెనక్కి తిప్పి మళ్లీ వినవలసిందే.

మొదటి రచన ‘టోమిటా’ జపాన్ సంగీతకారుడు ఇసావో టోమిటాకు నివాళి. ఫ్రెంచి స్వరకర్త డెబ్యుసీ పియానో రచనలను పూర్తిగా సింథసైజర్ మీద పునఃసృష్టించి 1974లో ఆల్బమ్‌గా తెచ్చిన ఆయనను ఈ బృందం తలచుకోవడంలో ఔచిత్యం ఉంది. ఎందుకంటే వీరికీ సింథసైజర్ ఒక వాద్యబృందంతో సమానమే తప్ప పైపూతకు పనికివచ్చే శబ్దాల పెట్టె కాదు. పది నిమిషాలు దాటిన ఈ రచన తొందరపడకుండా, పొర మీద పొరగా పెరుగుతుంది. రచనల బాధ్యత ప్రధానంగా లార్స్ హోర్న్‌ట్వెత్‌ది. డ్రమ్స్ మీద ఆయన సోదరుడు మార్టిన్, ట్యూబా మీద సోదరి లీనె. ట్యూబా మన పెళ్లి బ్యాండులో భుజానికి చుట్టుకుని ఊదే పెద్ద ఇత్తడి వాద్యానికి దగ్గరి చుట్టమే అయినా, లీనె చేతిలో దాని బరువంతా ఎటు పోతుందో తెలియదు.

‘ది ష్రైన్’ పేరు నైజీరియా నగరం లాగోస్‌లో ఆ దేశపు సంగీతకారుడు ఫెలా కుటి నడిపిన సంగీతశాలను గుర్తుచేస్తుంది. ఆల్బమ్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. లయ దానంతటదే నడిచిపోతున్నట్టుంటే దాని మీద బాకాల వరుస నిలబడుతుంది. ‘స్పైరల్ ఎరా’ బాగానే ఉంది కానీ గుర్తుండిపోయేది కాదు.

జాజ్ అనగానే అప్పటికప్పుడు పుట్టే మనోధర్మాన్ని ఆశించేవారికి మాత్రం ఈ ఆల్బమ్ కొంత నిరాశ కలిగించవచ్చు. ప్రతి మలుపూ ముందే రాసిపెట్టుకున్నది కావడంతో వాద్యకారులెవరికీ దారి తప్పే స్వేచ్ఛ దొరకలేదు. 2002లో బీబీసీ శ్రోతలు ఆ ఏటి ఉత్తమ జాజ్ ఆల్బమ్‌గా ఎన్నుకున్న వీరి ‘ఎ లివింగ్‌రూమ్ హష్’లో డ్రమ్స్ చుట్టూ చిటపటలాడే ఎలక్ట్రానిక్ శబ్దాలు వినేవారిని కాస్త తడబడనిచ్చేవి, ఆ గరుకుదనం ఇక్కడ నున్నబడిపోయింది. సింథసైజర్ల జోరు ఎక్కువగా ఉన్న చివరి రచన ‘అపెక్స్’లో ఈ లోటు మరింత స్పష్టంగా తెలుస్తుంది.

ఫోన్ స్పీకర్‌లో ట్యూబా, బేస్ గిటార్ దాదాపు మాయమైపోతాయి కనుక హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఈ బృందాన్ని మొదటిసారి వినేవారు వరుసను పక్కనపెట్టి ‘ది ష్రైన్’తో మొదలుపెట్టి, ‘టోమిటా’ను తీరిక ఉన్న రోజుకు అట్టేపెట్టుకోవడం మేలు.