గిల్‌ఫర్డ్ కొండ మీద ఫ్రైబర్గ్ సమాధి: నాన్నతో ఒక ప్రయాణం

నాన్న ఆర్మీలో చేసి రిటైరయ్యారు. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు, అందుకే అందరూ మిలిటరీ మాధవరం అంటారు. లండన్‌లో మా ఇంటికొచ్చినప్పుడు ఏం చూస్తారని అడిగితే, "జనరల్ ఫ్రైబర్గ్‌ని ఇక్కడే ఎక్కడో పూడ్చారటగా, అక్కడికి తీసుకెళ్లమ్మా" అన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో మన సైనికులు పోరాడింది ఈ జనరల్ కిందే.

వాటర్లూ నుంచి గిల్‌ఫర్డ్‌కి రైల్లో ముప్పావుగంట కూడా పట్టదు. ఆ మాత్రానికి రాత్రి బస పెట్టుకోవడం నా పొరపాటు. పబ్ మీద గది, 95 పౌండ్లు. నిటారు చెక్కమెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్లనొప్పులతో నాన్న గోడ పట్టుకుని ఎక్కుతుంటే నాకు ఒకటే టెన్షన్. అర్ధరాత్రి దాకా కింద గోల. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావడమే మంచిది.

ఆయన సమాధి గిల్‌ఫర్డ్ దగ్గర కొండ మీది సెయింట్ మార్తాస్ చర్చిలో ఉంది. అక్కడిదాకా కారు పోదు. కింద దిగి అడవిదారిలో ఎక్కాలి. దారంతా ఇసుక, అడుగేస్తే వెనక్కి జారుతుంది. నాన్న ఒక ఎండుకొమ్మ విరిచి ఊతకర్ర చేసుకున్నారు. పైన చర్చి తలుపు వేసి ఉంది. సమాధులు మాత్రం ఆరుబయటే, చుట్టూ సర్రే లోయలు. టికెట్ లేదు, గైడ్ లేడు. అద్దాలపెట్టెలో పతకాలు చూడటంకన్నా నాకు ఇదే ఎక్కువనిపించింది.

ఫ్రైబర్గ్ పుట్టింది లండన్ పక్కన రిచ్‌మండ్‌లో, పెరిగింది న్యూజిలాండ్‌లో. సైన్యంలోకి రాకముందు పళ్ల డాక్టరు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో టర్కీలోని గల్లిపోలి దగ్గర రాత్రిపూట చన్నీళ్లలో ఒంటరిగా ఈదుకుంటూ ఒడ్డుకు చేరి, టర్కీ సేనను ఏమార్చడానికి మంటలు వెలిగించాడు. దానికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్ వచ్చింది. అదే పతకం మొత్తం నాలుగుసార్లు అందుకున్నాడు, నాలుగోది 1945లో. 1916 నవంబరులో ఫ్రాన్స్‌లో బోకూర్ గ్రామాన్ని పట్టుకునే పోరులో నాలుగుసార్లు గాయపడి కూడా, చివరి ఆదేశాలు ఇచ్చేదాకా కదల్లేదు. అందుకు విక్టోరియా క్రాస్, బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం.

ఇదంతా నేను ఫోన్లో చూసి చదువుతుంటే నాన్న, "కసీనో సంగతి చదువు" అన్నారు.

1944 ఫిబ్రవరి, ఇటలీలోని కసీనో దగ్గర జర్మన్లతో పోరు. మన 4వ భారత డివిజన్ ఆయన కిందే ఉంది. ఆ డివిజన్ కమాండర్ టకర్ కోరితే, కొండ మీది పాత క్రైస్తవ మఠం మీద బాంబులు వేయాల్సిందేనని పైవాళ్లను పట్టుబట్టింది ఫ్రైబర్గే. లోపల తలదాచుకున్న సామాన్య జనం పోయారు. ఆ శిథిలాల్లో జర్మన్లు ఇంకా గట్టిగా పాతుకున్నారు. రాజ్‌పుతానా రైఫిల్స్, గూర్ఖాలు ఆ వాలు మీద ప్రాణాలిచ్చారు.

"ధైర్యానికి వంక పెట్టలేమమ్మా. ఆ ఆర్డరు మాత్రం మనవాళ్లకి చాలా ఖరీదైంది" అన్నారు. అని, ఊతకర్ర గోడకి ఆనించి, రాయి పక్కన రాలిన ఆకులు చేత్తో తీసేశారు.

దిగేటప్పుడు టాక్సీ దొరకలేదు, చిల్‌వర్త్ స్టేషన్ దాకా నడిచాం. ఆదివారం రైళ్లు తక్కువ, టైము చూసుకుని వెళ్లండి. బల్ల మీద ఫ్లాస్కులో టీ తాగుతూ నాన్న అడిగారు, "కసీనోలో మనవాళ్ల పేర్లు చెక్కిన రాళ్లు ఉంటాయిగా? నా వీసాతో ఇటలీ పోనిస్తారా?"

పోనివ్వరు, వేరే వీసా కావాలి. ఇంటికి రాగానే ఆ ఫారాలు తీశాను.