లువార్ లోయలో కాలినడకన: షినోన్ నుంచి సొమ్యూర్ దాకా

పారిస్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది లువార్ లోయకి ఒక్కరోజు బస్సు టూర్ పెట్టుకుంటారు. పొద్దున్నే బయల్దేరి షాంబోర్, షెనోన్సో కోటలు చూసి, ఫోటోలు దిగి రాత్రికి పారిస్ చేరిపోతారు. ఆ రెండూ గొప్ప కోటలే, చూడొద్దని నేను అనను. కానీ చేతిలో మూడు నాలుగు రోజులుండి, రోజుకి పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిచే ఓపికుంటే మాత్రం ఆ టూర్ మానేసి షినోన్, సొమ్యూర్ ఊళ్ల మధ్య నడవండి. ఇక్కడ కోట, ద్రాక్ష తోట, గుహ ఇల్లు, చర్చి అన్నీ ఒకే తెల్లరాయి నుంచి వచ్చాయి. ఆ సంగతి బస్సు కిటికీలోంచి కనిపించదు, ఆ రాతి మీద నడుస్తుంటేనే తెలుస్తుంది.

దారి పేరు జీఆర్ 3. ఫ్రాన్స్‌లో దూర ప్రయాణపు నడక దారుల్ని జీఆర్ అంటారు, వాటిలో మొట్టమొదట తెరిచింది దీన్నే, 1947లో, ఓర్లెయాన్ నుంచి బోజాన్సీ దాకా. ఇప్పుడు లువార్ నది పుట్టిన కొండల దగ్గర్నుంచి సముద్రం దాకా ఉంది. చెట్ల మీద, స్తంభాల మీద, గోడల మూలల్లో తెలుపు, ఎరుపు గీతలు రెండు ఒకదాని కింద ఒకటి వేసి ఉంటాయి. అదే రంగుల్లో ఇంటూ గుర్తు కనిపిస్తే అటు వెళ్లకూడదని. గుర్తులు చాలావరకు బాగానే ఉన్నాయి, కానీ ద్రాక్ష తోటల మధ్య చెట్లూ స్తంభాలూ ఉండవు కాబట్టి అక్కడ కాస్త వెతుక్కోవాలి. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, లోయ అడుగున కొన్ని చోట్ల సిగ్నల్ సరిగ్గా రాలేదు.

షినోన్ చేరడం తేలిక. పారిస్ మోంపార్నాస్ స్టేషన్ నుంచి తూర్ నగరం పక్కనున్న సేంట్ పియెర్ దె కోర్ దాకా హైస్పీడ్ రైల్లో గంట పైచిలుకు, తూర్ నుంచి చిన్న రైల్లో ఇంకో ముప్పావుగంట. ఊరు వియెన్ నది ఒడ్డున ఉంటుంది, కోట దాని నెత్తిమీద. 1429లో జోన్ ఆఫ్ ఆర్క్ అనే పల్లెటూరి పిల్ల వచ్చి యువరాజు చార్లెస్‌ని కలిసింది ఈ కోటలోనే. లోపల సగం శిథిలాలే, తోటలకి పేరుపడ్డ విల్లాంద్రీ కోటలో లాంటి తోటలూ ఉండవు. అయినా ప్రాకారం మీద నిలబడితే నది, ఊరి పలక కప్పులు, అవతలి ఒడ్డు మొత్తం ఒక్కచూపులో కనిపిస్తాయి, టికెట్ డబ్బులు దానికే చెల్లిపోయాయనిపించింది. ఎక్కలేనివాళ్లకి ఊళ్లోంచి పైకి లిఫ్ట్ ఉంది, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇది చెప్పుకోదగ్గ విషయం.

ఇక్కడ మేం దిగిన హోటల్ గురించి మాత్రం మంచిమాట చెప్పలేను, పేరు రాయను కానీ. గది శుభ్రంగానే ఉంది, అయితే రిసెప్షన్‌లో సాయంత్రం తర్వాత మనిషే ఉండడు, తలుపు కోడ్ ఈమెయిల్‌లో పంపుతామన్నారు, అది రాలేదు, బ్యాగులు పట్టుకుని వీధిలో గంటకి పైగా నిలబడ్డాం. ఫ్రాన్స్‌లో చిన్న ఊళ్ల హోటళ్లు చాలావరకు ఇలా కోడ్ మీదే నడుస్తాయి కాబట్టి బయల్దేరే ముందే ఫోన్ చేసి కోడ్ తీసుకోండి. తర్వాత రోజుల్లో మేం షాంబ్ర్ దోత్ అనే పద్ధతిలో ఉన్నాం, అంటే ఒక కుటుంబం తమ ఇంట్లోనే రెండు మూడు గదులు అతిథులకిచ్చి పొద్దున టిఫిన్ పెడుతుంది. ఇద్దరికి 80, 90 యూరోల మధ్య పడింది. హోటల్‌తో పోలిస్తే అన్నివిధాలా ఇదే నయం. బట్టలు ఆరేసుకోవడానికి తాడు కట్టి ఇచ్చారు, రేపటి దారిలో ఏ కొట్టు తెరిచి ఉంటుందో చెప్పారు, బూట్లు తడిసిపోతే లోపల పాత పేపర్లు కుక్కి పొయ్యి పక్కన పెట్టారు.

షినోన్ నుంచి ఫాంతెవ్రో దాకా ఉన్న రోజే అన్నిటికన్నా పెద్దది, ఇరవై కిలోమీటర్ల పైమాటే. పొలాలు, తోటలు, అడవి. సొయీ ఊరి దగ్గర రాబ్లే అనే రచయిత పుట్టిన ఇల్లు ఉంది, ఆయన గురించి తెలియకపోతే ఆగకుండా సాగిపోవచ్చు. దారిలో తినడానికి దాదాపు ఏమీ దొరకదు, పొద్దున్నే షినోన్‌లో రొట్టె, చీజ్, పండ్లు కట్టుకుని బయల్దేరాలి. నీళ్లకి ఒక చిట్కా: ఇక్కడి పల్లెల్లో శ్మశానాల దగ్గర కుళాయి ఉంటుంది, నడిచేవాళ్లందరూ అక్కడే సీసాలు నింపుకుంటారు. మనకి మొదట అదోలా అనిపిస్తుంది. కుళాయి మీద తాగకూడదని బోర్డు లేదు కదా అని మాత్రం చూసుకోండి. ఇంకోటి, శరదృతువులో అడవుల్లో వేట సీజన్ ఉంటుంది, ముఖ్యంగా ఆదివారాలు తుపాకులు పేలుతుంటాయి. కొట్టొచ్చినట్టు కనిపించే రంగు చొక్కా వేసుకోండి, వేట జరుగుతోందని బోర్డు పెట్టి ఉంటే ఆ దారిలోకి వెళ్లకండి.

ఫాంతెవ్రో మఠానికి ఒక పూట పూర్తిగా కేటాయించండి, గంటలో చూసి వచ్చే చోటు కాదు. 1101లో మొదలైన మఠం ఇది, మగ సన్యాసులు కూడా ఇక్కడ ఒక మఠాధిపతురాలి కిందే ఉండేవారు. చర్చి లోపల ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ, ఆయన భార్య ఎలెనోర్, కొడుకు రిచర్డ్ సమాధుల మీది బొమ్మలు పడుకున్న భంగిమలో ఉన్నాయి. రాజుల చేతుల్లో ఏవో రాజచిహ్నాలుంటే ఎలెనోర్ చేతిలో తెరిచిన పుస్తకం ఉంది. ఆ బొమ్మ ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. విప్లవం తర్వాత నెపోలియన్ కాలంలో దీన్ని జైలుగా మార్చేశారు, 1963 దాకా జైలుగానే నడిచింది. అంత తెల్లగా, ప్రశాంతంగా ఉన్న ఆ వరండాల్లో దాదాపు నూటయాభై ఏళ్లు ఖైదీలుండేవారంటే మనసు చివుక్కుమంటుంది. ప్రాంగణంలోనే ఒక హోటల్ కూడా ఉంది, డబ్బుకి వెనకాడనివాళ్లు చూసుకోవచ్చు. మేం ఊళ్లోనే ఒక ఇంట్లో ఉన్నాం, మఠం నుంచి నాలుగడుగులు.

అక్కడి నుంచి నది వైపు దిగితే కాంద్, మాంసొరో. ఈ రెండు ఊళ్లూ ఒకదాన్నొకటి అంటుకునే ఉంటాయి. కాంద్‌లో చర్చి వెనక నుంచి నిటారు వీధి ఎక్కి పైకి వెళ్తే వియెన్ నది వచ్చి లువార్‌లో కలిసేచోటు కింద కనిపిస్తుంది. వేసవి చివర్లో నీళ్లు తగ్గి నది మధ్యలో ఇసుక తిన్నెలు తేలతాయి, రాజమండ్రి దగ్గర ఎండాకాలం గోదావరిని చూసినవాళ్లకి ఆ దృశ్యం కొత్తగా ఉండదు. ఇసుక చూసి నదిలోకి దిగాలని మాత్రం అనుకోవద్దు, అడుగున ఇసుక కుంగిపోతుంది, సుడులుంటాయి. మాంసొరో కోటని సమకాలీన కళల మ్యూజియంగా మార్చారు. బయటినుంచి ఎంత అందంగా ఉందో, లోపల పెట్టిన కళ నాకు అంత దూరంగా అనిపించింది. ఆ తరహా కళ ఇష్టమైతేనే టికెట్ కొనండి, లేకపోతే నది ఒడ్డున కూర్చుని చూస్తే చాలు.

మాంసొరో నుంచి సొమ్యూర్ దాకా ఉన్న రోజు కోసమే నేను ఇదంతా రాస్తున్నాను. ఒకవైపు నది, ఇంకోవైపు తెల్లరాతి గట్టు, గట్టు పైన ద్రాక్ష తోటలు. ఆ రాయిని తుఫో అంటారు, రంపంతో కోసేంత మెత్తన. వందల ఏళ్లపాటు ఈ గట్టుని తొలిచి రాయి తీసి, పడవల మీద తరలించి కోటలూ చర్చిలూ కట్టారు. తొలిచేసిన చోట మిగిలిన గుహల్లో జనం కాపురాలు పెట్టారు, వైన్ పీపాలు దాచుకున్నారు, పుట్టగొడుగులు పెంచారు. త్యూర్కాన్, పార్నే, సూజే ఊళ్లలో రాతి గోడకే కిటికీలు, తలుపులు, కర్టెన్లు ఉంటాయి, పైన ద్రాక్ష తోట మధ్యలో ఎవరిదో పొగగొట్టం పొడుచుకొచ్చి కనిపిస్తుంది. దారి కాసేపు గట్టు మీద, కాసేపు కింద గుహల ముందునుంచి పోతుంది. త్యూర్కాన్‌లో యాపిల్ పండ్లని తొక్క తీసి, రాతి పొయ్యిల్లో రోజుల తరబడి ఎండబెట్టి, నొక్కి చదును చేసే పాత పద్ధతిని ఇప్పటికీ గుహల్లో చూపిస్తున్నారు. గుహల్లో ఏడాదంతా పన్నెండు డిగ్రీల చుట్టూ ఉంటుంది, చెమటతో లోపలికి వెళ్తే వణుకొస్తుంది, జాకెట్ సంచిలో ఉండాలి.

తోటలు ఎక్కువగా సొమ్యూర్ షాంపిన్యీ అనే ఎర్రవైన్‌వి, ద్రాక్ష ముఖ్యంగా కాబెర్నే ఫ్రాంక్ రకం. చిన్న రైతులు గుహలోకి తీసుకెళ్లి రుచి చూపిస్తారు, ముందు ఫోన్ చేసి వెళ్తే మంచిది, కోత రోజుల్లో వాళ్లకి ఊపిరి సలపదు. తాగనివాళ్లు మొహమాటపడక్కర్లేదు, మాలో ఒకరు ముట్టుకోలేదు, ఆయనకి ద్రాక్షరసం ఇచ్చారు. తోటలో పండ్లు మాత్రం కోయకండి, అది వాళ్ల ఏడాది కష్టం. గట్టు మీద నీడ అస్సలు ఉండదు కాబట్టి జూలై, ఆగస్టు కన్నా మే, జూన్ లేదా సెప్టెంబర్ మేలు.

తిండి సంగతి అడుగుతారు కదా. శాకాహారులకి ఈ ప్రాంతం అనుకున్నంత టెన్షన్ పెట్టదు. ఫువే అని చిన్న రొట్టెలుంటాయి, పొయ్యిలోంచి పొంగి వస్తాయి, చీల్చి తెల్ల చిక్కుడు గింజలు, పుట్టగొడుగులు, మేకపాల చీజ్ పెట్టుకుని తింటారు. గుహ రెస్టారెంట్లలో ఇవి దొరుకుతాయి, వేడిగా కడుపునిండా పెడతారు. వాటితో పాటు పంది మాంసం ముద్ద కూడా తెస్తారు, వద్దని ముందే చెప్పాలి. సలాడ్‌లో కూడా చిన్న చిన్న పంది ముక్కలు వేస్తారు, అడగకుండా తినొద్దు. చాలా చీజ్‌ల తయారీలో పాలు గడ్డకట్టడానికి జంతువుల నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు, ఆ పట్టింపున్నవాళ్లు చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం వేళలు: మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నర దాకా ఏమీ ఉండదు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం పల్లెల్లో కొట్లు చాలావరకు మూతే.

సామాను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చే సర్వీసులున్నాయి. పెద్ద సంచి మోయలేనివాళ్లకి ఇది వరమే, కానీ ఒకరోజు మా బ్యాగులు చీకటి పడ్డాక వచ్చాయి, కాబట్టి మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు వీపు మీదే ఉంచుకోండి. పల్లెల్లో టాక్సీ అప్పటికప్పుడు దొరకదు, ముందురోజే మాట్లాడుకోవాలి, బస్సులు ఆదివారం దాదాపు ఉండవు.

సొమ్యూర్ కోట గట్టు చివర నది మీదికి నిలబడి ఉంటుంది. 2001లో ప్రాకారంలో ఒక భాగం కూలిపోయింది, బాగుచేయడానికి ఏళ్లు పట్టింది. లోపలికన్నా వంతెన మీదనుంచి చూస్తేనే దాని అందం. రైల్వే స్టేషన్ నదికి అవతలి ఒడ్డున ఉంది, కోట నుంచి సంచులతో అరగంట పెట్టుకోండి. ఇంకో రోజు మిగిలితే తూర్ వెళ్లి, అక్కడ షినోన్ రైలెక్కి, ఇంకో కోట ఉన్న అజే ల రిదో ఊళ్లో దిగవచ్చు, ఆ రైలు అక్కడ ఆగుతుంది. విల్లాంద్రీ తోటలు కూడా చూడాలంటే అక్కడినుంచి సైకిల్ అద్దెకి తీసుకోవడమే సుఖం, పది కిలోమీటర్ల చిల్లర.