ఆటోనగర్ కారు షెడ్డు - పని సూపర్, తిట్లు ఫ్రీ (4/5)

మాది వేగనార్ పెట్రోల్, 2016 మోడల్. నాన్న కొన్నారు, ఇప్పుడు నేను తిప్పుతున్నా. తిప్పడం అంటే నెలకోసారి గుంటూరు అత్తగారింటికి, పండక్కి ఊరికి, మిగతా రోజులు సందు చివర కూరగాయలకి, అంతే. రెండేళ్లలో 6 వేలు కూడా తిరగలేదు, ఇంకా సర్వీసింగ్ ఎందుకులే 10 వేలు అయ్యాక చూద్దాం అని వదిలేశా. ఈలోగా ఏసీ వేస్తే ఒకటే కంపు, మా ఆవిడ ఈ కారెక్కనని తేల్చి చెప్పేసింది. అప్పుడు కొలీగ్ ఒకాయన చెప్తే విజయవాడ ఆటోనగర్‌లో ఈ షెడ్డుకి పట్టుకెళ్లా.

నేను ఏసీ గురించి చెప్తుంటే మేస్త్రి గారు బానెట్ ఎత్తి ఆయిల్ గేజు లాగారు. నల్లగా తారులా ఉంది, లెవెల్ కూడా కిందకి పోయింది. ఇంకా 4 వేలు ఉంది కదండీ అన్నా. అంతే మొదలెట్టారు. డ్యాష్‌బోర్డ్ అరలో మాన్యువల్ తీస్తే దానికి ప్లాస్టిక్ కవర్ కూడా ఊడలేదు, ఆయనే చించి చూపించారు: 10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. "దగ్గు మందు మూత తీశాక తాగకపోతే మాత్రం పాడవదా బాబూ" అన్నారు. పైగా సందు చివరి దాకా తిప్పి ఆపేస్తే ఇంజన్ సరిగ్గా వేడెక్కదంట, లోపల పట్టిన తేమ ఆవిరవక ఆయిల్లోనే ఉండిపోద్దంట. తక్కువ తిప్పితే బండికి మంచిదనుకునే నాలాంటోళ్లకి ఇది షాకే.

కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) సంగతి ఇంకా ఘోరం, డబ్బాలో టీ డికాషన్ రంగు. ఎండాకాలం లెవెల్ తగ్గితే ఊళ్లో బోరు నీళ్లు పోసింది నేనే, ఒప్పుకున్నా, ఇంకో రౌండ్ పడ్డాయి. రెండుసార్లు ఫ్లష్ చేసి కొత్తది పోశారు. బ్రేక్ ఆయిల్ కూడా మార్చారు, అది గాల్లో తేమ పీల్చుకుంటుందంట, బండి ఆగి ఉన్నా సరే. చివరికి ఏసీ బ్లోయర్ విప్పితే వేపాకులు, వేరుశనగ తొక్కలు, దూది, ఎలక కాపురం పెట్టేసింది! కిందటిసారి వేరే పెద్ద సర్వీస్ సెంటర్ వాళ్లు ఏసీ క్లీనింగ్ అని డబ్బులు తీసుకున్నారు, ఏం క్లీన్ చేశారో వాళ్లకే తెలియాలి. ఇక్కడ మాత్రం విప్పిన ప్రతి పాత సామాను చేతికిచ్చి చూపిస్తారు, నాకు బాగా నచ్చింది అదే.

టైర్ల మీద 3116 అని ఉంది, అంటే 2016లో 31వ వారం తయారీ అంట. బటన్లు (రోడ్డుకి ఆనే గట్లు) బానే ఉన్నాయి కానీ టైరు పక్కన బీటలు. టైర్లు ఆయన అమ్మరు, ఆయనకి రూపాయి రాదు, అయినా హైవే ఎక్కేలోపు మార్చమని రెండుసార్లు చెప్పారు. మార్చేశా.

మొత్తం 5,850 అయింది, లేబర్‌తో కలిపి. ఏసీ కంపు పోయింది.

మైనస్‌లు లేవా అంటే ఉన్నాయి. ఒంటిగంటకి ఇస్తానని సాయంత్రం ఆరున్నరకి ఇచ్చారు, కూర్చోడానికి ఒక్క స్టూలు, అది కూడా గ్రీజు. బిల్లు తెల్ల కాగితం మీద రాసిస్తారు. ఒక స్టార్ అందుకే కోసా.

వెళ్లేవాళ్లు పొద్దున్నే తొమ్మిదిలోపు వెళ్లండి, మాన్యువల్ కవర్ మాత్రం ఇంట్లోనే చించేసుకుని వెళ్లండి.