నాన్నతో రెంబ్రాంట్ ఇంటికి

మా నాన్న హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు మోకాలి దగ్గర మడతపడిపోయింది. రెండు చంక కర్రల మీదే ఆయన నడక. విదేశం తీసుకెళ్తాను, ఎక్కడికి వెళ్దామో చెప్పమంటే, "ఈఫిల్ టవరూ వద్దు, ఇంకోటీ వద్దు. రెంబ్రాంట్ గీసిన బిచ్చగాళ్ళ బొమ్మలు ఒక్కసారి అసలువి చూపించమ్మా, చాలు" అన్నారు. రెంబ్రాంట్ పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు, ఆయన ఇల్లు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. అలా ఆ ఊళ్ళో నాలుగు రోజులు ఉన్నాం.

ముందు బస సంగతి చెప్తాను, మాలాంటి వాళ్ళకి అదే అన్నిటికన్నా ముఖ్యం. కాలవ గట్టున పాత ఇంట్లో నడిపే చిన్న హోటల్ బుక్ చేశాను. లిఫ్ట్ ఉందని రాశారు, నిజంగానే ఉంది. కాకపోతే ఆ లిఫ్ట్ దాకా వెళ్ళడానికి పద్నాలుగు మెట్లు ఎక్కాలి, అవి కూడా నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. నాన్న కర్రలు నా చేతికిచ్చి, మెట్ల మీద కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ ఎక్కారు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. మర్నాడే అది ఖాళీ చేసి, ఆమ్‌స్టెల్ స్టేషన్ దగ్గర కొత్త భవనంలో ఉన్న హోటల్‌కి మారాం. అద్దె ఎక్కువే, కానీ వీధిలోంచి గది దాకా ఒక్క మెట్టు లేదు, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలున్నాయి. మీరు బుక్ చేసేటప్పుడు "లిఫ్ట్ ఉందా" అని అడగకండి. "వీధి తలుపు నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లు" అని అడిగి, జవాబు అంకెల్లో రాయించుకోండి.

ఆమ్‌స్టెల్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టాపు వాటర్లూప్లైన్. దిగితే నాలుగడుగుల్లో రెంబ్రాంట్ ఇల్లు. 1639లో ఆయన 13,000 గిల్డర్లకి (అప్పటి డచ్ డబ్బు), చాలావరకు అప్పు మీద, కొన్న ఇల్లు. ఆ అప్పు తీరక 1656లో దివాలా తీశాడు, రెండేళ్ళ తర్వాత ఇల్లు వదిలి చిన్న అద్దింటికి మారాడు. ఇప్పుడది మ్యూజియం. పాత ఇంట్లో మెట్లు మెలికలు తిరిగి ఇరుకుగా ఉంటాయి, పై అంతస్తుల్లోని స్టూడియో నేనొక్కదాన్నే చూసొచ్చి నాన్నకి ఫోన్‌లో ఫొటోలు చూపించాను. పక్కనే కట్టిన కొత్త విభాగంలో ఆయన హాయిగా తిరిగారు. ఎచింగ్ ఎలా అచ్చువేస్తారో అక్కడివాళ్ళు రోజూ చేసి చూపిస్తారు. రాగిరేకు మీద మైనం లాంటి పూత, దాని మీద సూదితో గీత, గీసినచోటే యాసిడ్ తినేసిన గాడి, ఆ గాడిలోకి రుద్దిన సిరా, తడి కాగితం, ప్రెస్. నాన్న ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఆ అమ్మాయి విసుగు లేకుండా అన్నిటికీ జవాబు చెప్పింది. ఈ ఒక్కదాని కోసమైనా టికెట్ కొనచ్చు.

కాగితం మీది బొమ్మలు వెలుతురుకి పాడవుతాయి కాబట్టి అన్నీ ఎప్పుడూ బయట పెట్టరు, మార్చి మార్చి పెడతారు. ఏవి పెట్టారో కనుక్కుని వెళ్ళండి. మా అదృష్టం, కట్టెకాలు బిచ్చగాడు ఆ రోజు గోడమీదే ఉన్నాడు. బొమ్మ నిలువు పదకొండు సెంటీమీటర్లు చిల్లర, అడ్డం ఏడు కూడా ఉండదు. పోస్టుకార్డు కన్నా చిన్నది. చింకి బట్టలు, చంకలో కర్ర, మోకాలి కింద కట్టిన కట్టె, మడిచిన పిక్క వెనక్కి. 1630 ప్రాంతంలో, ఇరవై నాలుగేళ్ళ వయసప్పుడు, రెంబ్రాంట్ తన సొంతూరు లైడెన్‌లో ఉండగా గీసినది. పిక్క కనిపిస్తోంది, అంటే కాలు బాగానే ఉంది, వీడు దొంగవేషం వేశాడు అని కొందరు పండితులు రాశారని నాన్నకి చెప్పాను.

ఆయన అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చాలాసేపు చూశారు. "ముడుచుకుపోయిన మోకాలు సాగదమ్మా. కట్టె కడితే అలాగే కట్టాలి, పిక్క ఎక్కడికి పోతుంది? నా కాలు చూడు. ఆ భుజం చూడు, కర్ర పక్కకి ఎలా లేచిందో. బరువు అక్కడ పడుతుంది. నటించేవాడికి భుజం అలా లేవదు" అన్నారు. వికలాంగ సర్టిఫికెట్ కోసం ఒకప్పుడు ఒక ఆఫీసులో "కర్రలు పక్కన పెట్టి నడిచి చూపించు" అన్నారట ఆయన్ని. ఆ మాట నాకు చెప్పడం అదే మొదటిసారి.

అదే 1630లో గీసిన ఇంకో బొమ్మ ఉంది. గట్టు మీద కూర్చుని నోరు తెరిచి చెయ్యి చాచిన బిచ్చగాడు, ముఖం రెంబ్రాంట్‌దే. ఫ్రాన్స్ వైపు నాన్సీ ఊరివాడైన జాక్ కాలో అనే చిత్రకారుడు అంతకు కొన్నేళ్ళ ముందే 25 బిచ్చగాళ్ళ బొమ్మలు అచ్చువేశాడు, రెంబ్రాంట్ వాటిని చూసి నేర్చుకున్నాడు. కానీ తన ముఖాన్నే బిచ్చగాడికి పెట్టడం ఇతని గొప్పతనం. 1648 నాటి బొమ్మలో గుమ్మం దగ్గర ముసలాయన సగం తలుపు మీంచి బిచ్చమడిగే తల్లి చేతిలో నాణెం పెడుతుంటాడు, ఆమె వీపున బిడ్డ. ఆ రెండు చేతులూ కలిసేచోట గీతలు ఎంత తక్కువో చూసి నాన్న తల పంకించారు.

ఆ ఊళ్ళోనే ఉన్న పెద్ద మ్యూజియం, రైక్స్‌మ్యూజియంలో లిఫ్టులున్నాయి, చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు. కానీ ఒక్కరోజులో చూసేది కాదు, జనం కూడా విపరీతం. నాన్న అలసిపోయారు.

చివరి రోజు హెయిలిగెవెఖ్ వీధిలో రాస్ప్‌హౌస్ పాత ద్వారం చూశాం. బిచ్చగాళ్ళనీ దేశదిమ్మరులనీ పట్టుకొచ్చి, రంగు కోసం ఎర్రచెక్క అరగదీయించిన జైలు అది, 1596లో పెట్టారు. ద్వారం పైన ఒక స్త్రీ, రెండు పక్కలా గొలుసుల్లో ఖైదీలు. ఇప్పుడు లోపలంతా షాపులే. నిజమైన కుంటివాడెవడు, దొంగ కుంటివాడెవడు అని ఊరంతా వేలెత్తి చూపిన కాలం గురించి అక్కడ నిలబడే మాట్లాడుకున్నాం.

వాన పడి ఇటుకల వీధి తడిసి ఉంది. నాన్న కర్ర ఒకటి జారింది, పట్టుకున్నాను. అడుగున రబ్బరు అరిగిపోయింది. "ఆ బొమ్మలో బిచ్చగాడి కట్టెకి ఇదీ లేదు" అన్నారు. కర్రలతో వెళ్ళేవాళ్ళు కొత్త రబ్బర్లు రెండు జతలు ఇంటి నుంచే తెచ్చుకోండి. మాకు ఒక జత వెతకడానికి సగం రోజు పట్టింది.