రొయ్యల బండికి బ్లాక్‌చైన్ పెట్టె: వాడాక నా మాట

గాజువాక ఆటోనగర్ నుంచి మాకు ఆరు బండ్లు నడుస్తాయి. నాలుగు ఐస్ వేసి పచ్చి రొయ్య మోసే ఇన్సులేటెడ్ వ్యాన్లు, రెండు ఫ్రోజెన్ సరుకు మోసే రీఫర్లు, అంటే చల్లబరిచే యూనిట్ ఉన్న బండ్లు. నక్కపల్లి, పాయకరావుపేట వైపు చెరువుల్లో పట్టుబడి అయిన రొయ్యను తెల్లారేలోగా విశాఖ ప్లాంట్లకు చేర్చడం మా పని. ఈ బండ్లకు ఒక స్టార్టప్ వాళ్ల ఉష్ణోగ్రత పెట్టెలు బిగించాం. రీడింగులు బ్లాక్‌చైన్‌తో (ఒకసారి రాస్తే ఎవరూ దిద్దలేని, చాలా కంప్యూటర్లలో కాపీలుండే లెక్కల పుస్తకం) భద్రంగా ఉంటాయి, కావాలంటే ఆ డేటాను అమ్ముకోవచ్చు అని వాళ్ల ప్రచారం. కంపెనీ పేరు రాయడం లేదు. మెచ్చుకోలూ ఉంది, తిట్లూ ఉన్నాయి. ఆక్వా లైన్లో ఉన్నవాళ్లకు ఎవరో ఎలాగూ తెలిసిపోతుంది.

2017 ప్రాంతంలో ఫిన్‌టెక్ వ్యాలీ అనే ప్రభుత్వ పథకం పేరుతో ఊళ్లో బ్లాక్‌చైన్ మాట తెగ మోగింది. అప్పట్లో అదంతా స్టార్ హోటళ్లలో సదస్సుల వ్యవహారం. మాకు అవసరం పడింది ప్లాంటు గేటు దగ్గర.

క్వాలిటీ అతను వచ్చి పై వరస క్రేట్లో థర్మామీటర్ గుచ్చి "ఏడు డిగ్రీలుందండీ" అంటాడు. రేటు కోత. రైతు మన మీద పడతాడు, మనం డ్రైవర్ మీద పడతాం. డ్రైవర్ దగ్గరున్న టెంపరేచర్ షీటు సంగతి ఈ లైన్లో అందరికీ తెలిసిందే: ఒకే పెన్నుతో, ఒకే చోట కూర్చుని, మొదటి గంట నుంచి చివరి గంట దాకా 3, 3, 3 అని నింపింది. దాన్ని ఎవరు నమ్ముతారు? పైగా అమెరికా వాళ్లు 2018 డిసెంబర్ 31 నుంచి రొయ్యను కూడా తమ సీఫుడ్ దిగుమతుల నిఘా పథకంలోకి తెచ్చారు. సరుకు ఎక్కడ పట్టారు, ఎవరి చేతులు మారింది అన్న రికార్డు దిగుమతిదారు దగ్గర ఉండాలి. అందుకే ప్లాంట్ల వాళ్లు కాగితాల మీద పట్టు పెంచారు.

పెట్టె ఎలా పని చేస్తుందో, నాకు అర్థమైనంతలో చెప్తాను. లోపల రెండు ప్రోబ్‌లు (ఉష్ణోగ్రత కొలిచే సూదులు), తలుపుకి ఒక సెన్సర్, ఒక సిమ్. ఐదు నిమిషాలకోసారి రీడింగ్ తీసుకుని, చిప్‌లో ఉన్న సొంత కీతో (ఆ పెట్టెకు మాత్రమే ఉండే రహస్య కోడ్) దాని మీద సంతకం పెట్టి సర్వర్‌కు పంపుతుంది. సిగ్నల్ లేని చోట దాచుకుని, దొరికాక పంపుతుంది. ప్రతి రీడింగునూ చైన్ మీద రాస్తే ఫీజులకే మునిగిపోతాం. అందుకని గంటకోసారి ఆ గంట రీడింగులన్నిటినీ కలిపి ఒక హ్యాష్ (ఆ డేటాకు వేలిముద్ర లాంటి కోడ్) తీసి, దాన్ని మాత్రమే పబ్లిక్ చైన్ మీద, అంటే ఎవరైనా చూడగల బ్లాక్‌చైన్ మీద పెడతారు. 64 అక్షరాల గజిబిజి అది. ఒక ఫైలు కాపీలో 3.4 ఉన్నచోట 3.6 చేసి చూశాను. అన్నీ కలిపి ఒక్క అంకె మార్చాను, హ్యాష్ మొత్తం వేరే వచ్చేసింది.

దీని ఉపయోగం ఒక తెల్లవారుజామున తెలిసింది. నక్కపల్లి లోడు, 40 కౌంట్ (కిలోకి 40 రొయ్యలు). లంకెలపాలెం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా చేరింది. ఆలస్యమైందనగానే ప్లాంటు వాళ్లకు సరుకు మెత్తబడినట్టే కనిపించింది. మనం ఫోన్లో గ్రాఫ్ చూపిస్తే క్వాలిటీ అతని జవాబు: "మీ బండి, మీ మిషను, మీ లెక్క. నేనెందుకు నమ్మాలండీ?" న్యాయమైన ప్రశ్నే. క్యూఆర్ స్కాన్ చేయించాం. నాలుగింటికి పడిన హ్యాష్, ఐదింటికి పడిన హ్యాష్ బండి వాళ్ల గేటు దాటకముందే చైన్ మీద పడి ఉన్నాయి. గొడవ మొదలయ్యాక మేము దిద్దడానికి వీల్లేదు, ఆ కంపెనీ వాళ్లకూ వీల్లేదు. ఆ రెండు గంటల్లోనూ 4 డిగ్రీలు దాటలేదు. ఐదూ ఇరవైకి తలుపు తెరిచినట్టుంది, అక్కణ్ణుంచి 6.8కి ఎక్కింది. అప్పుడు బండి ఎక్కడుంది? వాళ్ల యార్డులోనే, దించే కుర్రాళ్ల కోసం ఎదురు చూస్తూ. కోత సగానికి దిగింది. పూర్తిగా ఎత్తేయలేదు, ప్లాంటు వాళ్లు ప్లాంటు వాళ్లే.

నెలకు బండికి 650 రూపాయలు. ఆ ఒక్క లోడుతో చాలా నెలల చందా తిరిగొచ్చినట్టే.

ఇప్పుడు తిట్లు. బిగించడానికి వచ్చిన కుర్రాడు రీఫర్లో ప్రోబ్‌ని సరిగ్గా బ్లోయర్ ఎదురుగా పెట్టాడు. అక్కడ ఎప్పుడూ మైనస్ 20 చూపిస్తుంది. తలుపు దగ్గర అట్టపెట్టెల మధ్య విడిగా కొలిస్తే మైనస్ 14. దగ్గరుండి రెండో ప్రోబ్‌ని తలుపు వైపు మార్పించాను. ఐస్ వ్యాన్లలో ఇంకా తేలిక: ప్రోబ్‌ని ఐస్ డబ్బాలో గుచ్చితే రోడ్డంతా సున్నా డిగ్రీలే. ఆ సున్నా మీద సంతకం పడుతుంది, హ్యాష్ పడుతుంది, ఎవడూ మార్చలేడు. అబద్ధం కూడా అంతే భద్రంగా ఉంటుంది! సేల్స్ వాళ్లు ఈ మాట మాత్రం ఎత్తరు. రెండు ప్రోబ్‌ల మధ్య తేడా బాగా ఉంటే హెచ్చరిక వచ్చే ఏర్పాటు ఉంది, అది కూడా మనం అడిగితేనే ఆన్ చేస్తారు.

హ్యాకింగ్ గురించి అడిగాను. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో లోబరుచుకుని ఇంటర్నెట్‌నే కుదిపేసింది. ఆటోనగర్‌లో షెడ్లకు పెట్టిన కెమెరాల్లో ఎన్నిటికి పాస్‌వర్డ్ మార్చి ఉంటారో ఆ దేవుడికే తెలియాలి. ఈ పెట్టెకు అందరికీ ఒకే పాస్‌వర్డ్ అనేది లేదు, దేని కీ దానిదే. ఇది నాకు నచ్చింది. అయితే ఆ కాపలా చిప్‌ది, చైన్‌ది కాదు. పెట్టెనే ఎవడైనా చేజిక్కించుకుంటే చైన్ చేసేదేమీ లేదు.

డేటా అమ్మకం సంగతికొస్తే, యాప్‌లో దానికో పేజీ ఉంది. ఏ రీడింగులు, ఎన్నాళ్లవి, ఎంతకు అన్నది మనమే పెట్టుకోవచ్చు. కొన్నవాడు డబ్బు కట్టగానే ఫైలు తెరుచుకునే కీ వాడికి వెళుతుంది, ఆ లావాదేవీ చైన్ మీద నమోదవుతుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కొనేవాళ్లేరీ? ఒక ఇన్సూరెన్స్ ఏజెన్సీ, రీఫర్ యూనిట్లు రిపేరు చేసే ఒక సంస్థ, అంతే. మాకు వచ్చిన డబ్బు ఒక బండి ఫాస్టాగ్ రీఛార్జికి కూడా ఆనదు, అందులోనూ ఐదో వంతు వాళ్ల కమీషన్. మొదట్లో ఆ డబ్బు టోకెన్లలో, అంటే క్రిప్టో నాణేల్లో ఇస్తామన్నారు. క్రిప్టో లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, ఆ జూలై నుంచి ఒక శాతం టీడీఎస్. మా ఆడిటర్ ముఖం చూసి రూపాయల్లోనే ఇమ్మన్నాం.

లొకేషన్ డేటాకు మాత్రం గిరాకీ ఉంది, రేటూ ఎక్కువే. అది అమ్మలేదు. మా బండి ఏ చెరువు గట్టు మీద ఎన్ని గంటలకు ఆగిందో పోటీవాడికి తెలిస్తే, మర్నాడు ఆ రైతు ఇంటి ముందు వాడి బండి ఉంటుంది. ఒకసారి కొన్నవాడు ఆ ఫైలు ఇంకొకడికి ఇస్తే ఏ చైనూ ఆపలేదు. డ్రైవర్ల బాధ వేరే. మా పాత డ్రైవర్ మొదటి రోజే పెట్టెను ఎగాదిగా చూసి, "బాబూ, ఎలమంచిలిలో టీ తాగినా రాసేస్తాదా ఇది?" అన్నాడు. రాస్తుంది మరి. బండి కదలికలంటే అతని కదలికలే. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం సమ్మతి కావాలంటుంది, తన డేటా చెరిపేయమని అడిగే హక్కూ ఇస్తుంది. చెరగని పుస్తకంలో చెరిపేదెలా అని కంపెనీని నిలదీశాను. అసలు డేటా సర్వర్లో ఉంటుంది, దాన్ని తీసేస్తాం, చైన్ మీద మిగిలే హ్యాష్‌ నుంచి ఎవరూ ఏమీ వెనక్కి లాగలేరు అన్నారు. సమాధానం బాగానే ఉంది. కానీ అప్పటికే అమ్ముడుపోయిన కాపీల మాట ఎత్తితే ఫోన్ ఇంకొకరికి ఇచ్చారు.

రీఫర్లకు, పచ్చి రొయ్య వ్యాన్లకు చందా కొనసాగిస్తున్నాం. అమ్మకం పేజీలో ఉష్ణోగ్రత ఒక్కటే ఉంచి, లొకేషన్ మూసేశాం.

తీసుకునేవాళ్లు ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఒకటి అడగండి: మీరు దుకాణం కట్టేస్తే మా ఫైళ్లేం కావాలి? ఐబీఎం, షిప్పింగ్ కంపెనీ మెర్స్క్ అంతటివాళ్లు కలిసి కంటైనర్ రవాణా కోసం 2018లో తెచ్చిన బ్లాక్‌చైన్ వేదిక ట్రేడ్‌లెన్స్‌నే మూసేస్తున్నామని 2022 నవంబర్‌లో ప్రకటించారు. హ్యాష్ చైన్ మీద శాశ్వతంగా ఉన్నా, దానికి సరిపోయే అసలు ఫైలు మన దగ్గర లేకపోతే అది ఎందుకూ కొరగాదు. మేము గట్టిగా అడిగాక, నెల మొదటి తారీకున ఆరు బండ్ల రీడింగులూ మెయిల్‌కి వచ్చేలా పెట్టారు. అదనంగా ఏమీ తీసుకోలేదు.