డ్యూయల్ మాస్ ఫ్లైవీలా, సింగిల్ మాసా: పాత డీజిల్ కారుకు ఏది మేలు?

నా డీజిల్ సెడాన్ లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగాక క్లచ్ జారడం మొదలైంది. గేర్‌బాక్స్ దించిన రోజు మెకానిక్ నన్ను లిఫ్టు కిందికి పిలిచి, ఇంజిన్‌కూ క్లచ్‌కూ మధ్య తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్ అంచును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూపించాడు. స్ప్రింగుల బిగువు చేతికి తగలకముందే అది చాలా దూరం వదులుగా తిరిగింది. లోపలి గ్రీజు బయటికి చిమ్మి, క్లచ్‌ను కప్పి ఉంచే బెల్ హౌసింగ్ గోడకు నల్లటి చారలుగా అంటుకుని ఉంది. మళ్లీ రెండు ముక్కల డ్యూయల్ మాస్ ఫ్లైవీలే వేయించాలా, లేక అంతకంటే బాగా తక్కువ ధరకు వచ్చే, ఒకే ముక్కగా ఉండే సింగిల్ మాస్ కిట్‌కు మారిపోవాలా అన్న ప్రశ్న అక్కడే ఎదురైంది.

డ్యూయల్ మాస్ ఎందుకు పెట్టారో తెలిస్తేనే తీసేయవచ్చో లేదో తేలుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోగా రెండుసార్లు ఇంధనం మండుతుంది. అంటే యాక్సిలరేటర్ తొక్కని ఐడ్లింగ్‌లో, నిమిషానికి 800 చుట్ల (ఆర్‌పీఎం) దగ్గర సెకనుకు దాదాపు 27 దెబ్బలు, 1200 దగ్గర 40, 2400 దగ్గర 80. సింగిల్ మాస్ ఫ్లైవీల్, మామూలు స్ప్రింగుల క్లచ్ ప్లేటు ఉన్న కారులో గేర్‌బాక్స్ వైపు భాగాలు సాధారణంగా ఈ 40–80 దెబ్బల మధ్యనే ఎక్కువగా ప్రకంపిస్తాయి. మనం ఊళ్లో రోజంతా బండి నడిపేదీ సరిగ్గా ఆ ఆర్‌పీఎంలలోనే. డ్యూయల్ మాస్‌లో ఒక ముక్క క్రాంక్‌కు, రెండో ముక్క క్లచ్‌కు బిగిసి ఉండి, వాటి మధ్య గ్రీజులో మునిగిన పొడవాటి వంపు స్ప్రింగులు ఉంటాయి కాబట్టి, ఎక్కువగా ప్రకంపించే ఆ ఆర్‌పీఎం స్థాయి ఐడ్లింగ్ కంటే కిందికి దిగిపోతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు, ఆపినప్పుడు మాత్రమే బండి ఆ స్థాయిని దాటుతుంది. అరిగిన డ్యూయల్ మాస్ తాళం తిప్పి ఆపినప్పుడే ఎక్కువగా దడదడలాడేది అందుకే.

దాన్ని తీసేస్తే ప్రకంపన ఎక్కడికీ పోదు, గేర్‌బాక్స్‌లోకి వెళ్తుంది. బరువు మోయని గేర్ల పళ్లు వాటి మధ్య ఉన్న సందులో ఒకదానినొకటి కొట్టుకుంటాయి. న్యూట్రల్‌లో నిలబడి ఉన్నప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు వినిపించే చప్పుడు అదే. ఆ చప్పుడు వల్ల గేర్‌బాక్స్ వెంటనే పాడవుతుందని భయపడనక్కరలేదు గాని, నాలుగో గేరులో 1300 ఆర్‌పీఎం దగ్గర బండిని ఈడ్చుకుంటూ పోయే అలవాటు ఉన్నవారికి అది రోజూ తలనొప్పిగా ఉంటుంది.

సింగిల్ మాస్ అనగానే అన్నీ ఒకటే అనుకోకూడదు. మంచి కిట్‌లో ఫ్లైవీల్‌తో పాటు ఎక్కువ కోణం తిరిగే గట్టి స్ప్రింగుల క్లచ్ ప్లేటు, దాన్ని ఫ్లైవీల్‌కు అదిమి పట్టే ప్రెజర్ ప్లేటు, పెడల్ నొక్కితే క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ కలిసి వస్తాయి. వాలియో వంటి కంపెనీలు ఈ కిట్లను చాలా మోడళ్లకు అమ్ముతున్నాయి. అసలు ప్రమాదమంతా అరకొర మార్పులో ఉంది. డ్యూయల్ మాస్ ఉన్న కార్లలో చాలావాటికి క్లచ్ ప్లేటులో స్ప్రింగులే ఉండవు, ఆ పని ఫ్లైవీలే చేస్తుంది. అటువంటి ప్లేటునే ఉంచి దాని వెనుక ఘనమైన ఫ్లైవీల్ బిగిస్తే, మధ్యలో మెత్తదనం అంటూ ఏదీ మిగలదు. కొన్ని ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సార్ చదివే పళ్లు ఫ్లైవీల్ మీదే ఉంటాయి. అవి కొత్తదాని మీద లేకపోతే బండి స్టార్టే కాదు. పికప్ పెరుగుతుందని బరువు తగ్గించిన ఫ్లైవీల్ వేయించుకున్నవారు ట్రాఫిక్‌లో క్లచ్ వదిలిన ప్రతిసారీ ఇంజిన్ ఆగిపోతోందని విసుక్కోవడం నేను చూశాను.

ఈ మార్పు బాగా కుదిరిన సందర్భం ఒకటి ఉంది. అమెరికాలో 1999–2003 మధ్య అమ్మిన ఫోక్స్‌వ్యాగన్ జెట్టా, గోల్ఫ్ 1.9 టీడీఐ డీజిల్ కార్లకు డ్యూయల్ మాస్ తీసి, అదే కంపెనీ పాత జీ60 ఇంజిన్ ఫ్లైవీల్‌ను, వీఆర్6 ఇంజిన్ క్లచ్‌ను జతచేయడం అక్కడి యజమానులలో ఎప్పటినుంచో వాడుకలో ఉంది. ఐడ్లింగ్‌లో గలగల వినిపించినా ఆ జత బాగానే నిలిచింది. అయితే ఆ ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 210 న్యూటన్ మీటర్లు మాత్రమే. మన రోడ్ల మీద తిరిగిన స్కోడా లారా 2.0 టీడీఐ టార్క్ 320 వరకు ఉంటుంది. అక్కడ పనిచేసిన మందు ఇక్కడా అంతే పనిచేస్తుందని చెప్పడం తొందరపాటు.

ఖర్చు విషయంలో సింగిల్ మాస్‌దే పైచేయి. తరువాతి క్లచ్‌కు అదే ఫ్లైవీల్‌ను లేత్ మీద పైపైన చెక్కించి మళ్లీ వాడుకోవచ్చు. డ్యూయల్ మాస్‌ను చెక్కడాన్ని తయారీదారులు సాధారణంగా ఒప్పుకోరు. కానీ డ్యూయల్ మాస్ త్వరగా పోయిందంటే తప్పంతా దానిదేనని తీర్మానించే ముందు సిలిండర్లలోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు సమానంగా పనిచేస్తున్నాయో, బ్యాటరీ బలహీనమై స్టార్టర్ నెమ్మదిగా తిరుగుతోందో చూడాలి. ఒక సిలిండర్ సరిగా మండని ఇంజిన్‌కు కొత్త ఫ్లైవీల్ వేసినా అది అంతే త్వరగా అరుగుతుంది.

నా బండి రోజూ హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిరిగేది, టార్క్ ఎక్కువ ఉన్నది. అందుకే ఇంజెక్టర్లు పరీక్ష చేయించి, మళ్లీ డ్యూయల్ మాసే వేయించాను. ఎక్కువగా హైవే మీద తిరిగి, రెండు మూడేళ్లలో విరమించబోయే ట్యాక్సీ అయితే పూర్తి కిట్ పెట్టించమనే చెబుతాను. విడిగా దొరికిన ఫ్లైవీల్‌కు పాత ప్లేటు జతచేసే మూడో దారి ఎవరికీ చెప్పను. డీఎస్‌జీ వంటి రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవారు ఈ ఆలోచనే పెట్టుకోవద్దు.

సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొనేవారు మాత్రం ఒక చిన్న పరీక్ష చేయాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, న్యూట్రల్‌లో క్లచ్ పెడల్ నెమ్మదిగా నొక్కి వినండి. గలగల ఉండి, నొక్కగానే ఆగిపోతే ఆ కారుకు ఇదివరకే సింగిల్ మాస్ వేయించారా, లేక డ్యూయల్ మాస్ అరిగిందా అని అమ్మేవారిని అడిగి, బిల్లు చూపించమనండి.