పాత అంబాసిడర్ ఇంజన్‌కు ఏ ప్యాకింగ్ మేలు?

1959 నుంచి చాలా ఏళ్ల పాటు అంబాసిడర్ కార్లలో వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌ను విప్పి మళ్లీ కట్టేటప్పుడు, పిస్టన్లు, రింగులు, బేరింగుల దగ్గర చూపించే శ్రద్ధ గ్యాస్కెట్ల (భాగాల నడుమ లీకు ఆపే ప్యాకింగుల) దగ్గరికి వచ్చేసరికి సడలిపోతుంది. దుకాణంలో ఇచ్చిన సెట్టునే తెచ్చి, దానికి తోడు రెండు ట్యూబుల సిలికాన్ జిగురు పూసి పని ముగించడం మన షెడ్లలో మామూలైపోయింది. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి-సిరీస్ ఇంజన్. సిలిండర్లుండే దీని బ్లాకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డూ రెండూ పోత ఇనుమువే. అల్యూమినియం హెడ్డు బ్లాకు కన్నా ఎక్కువగా వ్యాకోచించి, మధ్యనున్న గ్యాస్కెట్‌ను అటూ ఇటూ రాపాడించే బాధ ఇందులో లేదు కాబట్టి, ఎక్కువ ఖరీదైనదే కావాలన్న నియమమూ లేదు.

హెడ్ గ్యాస్కెట్‌లో మనకు నాలుగు రకాలు ఎదురవుతాయి. పాత సరుకు అమ్మే చోట రాగి రేకుల నడుమ ఆస్బెస్టాస్ పెట్టినవి కనిపిస్తాయి. అవి బాగా పట్టేవన్నది నిజమే కానీ, ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన ఆ పీచును ఇంకా షెడ్డులోకి తెచ్చుకోవలసిన అవసరం నాకు కనిపించదు. పాత ఇంజన్‌కు అంటుకున్న ముక్కలను కూడా నీళ్లతో తడిపి మొద్దు స్క్రేపర్‌తో తీయాలి తప్ప, వాటి మీద ఎమెరీ కాగితం గానీ డ్రిల్లుకు తగిలించిన తీగ బ్రష్షు గానీ ఆడించకూడదు. అచ్చంగా రాగి రేకుతో చేసినది పందెపు ఇంజన్లకు తగినది. దాన్ని ఎర్రగా కాల్చి మెత్తబరచాలి, నీటి రంధ్రాల చుట్టూ వేరే సీలు మందు పూయాలి, అంతా చేసినా రోడ్డు మీద తిరిగే బండికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. పలు ఉక్కు పొరల గ్యాస్కెట్ అన్నిటికన్నా దృఢమైనది, కానీ అది హెడ్డు, బ్లాకు రెండింటి ముఖాలూ అతి నునుపుగా ఉండాలని కోరుతుంది. హెడ్డుకు ఫేసింగ్ (ముఖాన్ని చదును చేసే మిషను పని) చేయించడం సులువే. బ్లాకుకు చేయించాలంటే ఉన్నదంతా ఊడదీసి మిషను మీదికి ఎక్కించాలి.

మిగిలినది ఉక్కు రేకుకు రెండు వైపులా పీచు గానీ గ్రాఫైట్ గానీ అద్ది, బోర్ల (సిలిండరు రంధ్రాల) చుట్టూ ఉక్కు రింగులు తొడిగిన కాంపోజిట్ గ్యాస్కెట్. దశాబ్దాల పాటు నడిచిన ఇనుప ముఖం మీది సన్నని గీతలను, చిన్న లోపాలను అది సర్దుకుపోతుంది. నా ఓటు సందేహం లేకుండా దానికే. బోరు కొలత మాత్రం చూసి కొనాలి. ఈ ఇంజన్ బోరు 73 మి.మీ.; ఇదే కుటుంబానికి చెందిన ఎంజీబీ కారులోని 1798 సీసీ ఇంజన్‌ది 80 మి.మీ. దాటుతుంది. బోరింగ్ చేయించి (బోరును వెడల్పు చేయించి) ఓవర్‌సైజు పిస్టన్లు వేసినట్లయితే, గ్యాస్కెట్ రింగు బోరులోకి తొంగి చూడకుండా ఉందో లేదో ముందే పెట్టి చూసుకోవాలి. మందం కూడా లెక్కలోకి వస్తుంది: పాతదానికన్నా 0.25 మి.మీ. తేడా ఉంటే ఒక్కో సిలిండరులో దాదాపు 1 సీసీ చోటు మారుతుంది.

ఎంత మంచి గ్యాస్కెట్ తెచ్చినా కింద ముఖం సరిగా లేకపోతే నిలవదు. హెడ్డును పట్టి ఉంచే స్టడ్లను (మరచుట్టు కడ్డీలను) తీసి, బ్లాకు మీద ఆ రంధ్రాల అంచుల చుట్టూ వేలు తిప్పి చూడండి. ఏళ్ల తరబడి బిగింపు లాగి లాగి ఇనుము చిన్న గట్టులా పైకి లేచి ఉంటుంది. కంటికి ఆనని ఆ గట్టు వేలికి తగులుతుంది. రంధ్రం అంచును కొద్దిగా చెక్కి దాన్ని తీసేయకుండా పైన ఏది పరిచినా స్టడ్ల పక్కనే ఎత్తుగా నిలుస్తుంది, బోర్ల నడుమ వదులవుతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు పట్టీ) ఆనించి, 0.05 మి.మీ. ఫీలర్ ఆకు (సందు కొలిచే పలుచని రేకు) ఎక్కడా కిందికి దూరకపోతే ముఖం బాగున్నట్టే. కాంపోజిట్ గ్యాస్కెట్‌ను ఏ మందూ పూయకుండా, 'ఫ్రంట్', 'టాప్' గుర్తులు చూసుకుని పొడిగానే పరచాలి.

బిగింపు నడుమ నుంచి అంచులకు, మూడు విడతల్లో, మాన్యువల్ చెప్పిన టార్కుకు (తిప్పే బలానికి) జరగాలి. ఈ ఇంజన్‌లో రాకర్ షాఫ్టు (వాల్వులను నొక్కే చేతులుండే కడ్డీ) దిమ్మెలను పట్టుకునే నట్లలో నాలుగు హెడ్డు బిగింపులో కూడా భాగమే. రాకర్ ఒక్కటే తీయాలనుకుని ఆ నాలుగే విప్పితే హెడ్డు వంకరపోవచ్చు, నీళ్లు సిలిండర్లలోకి దిగవచ్చు. అందుకే నీళ్లు వదిలేసి నట్లన్నీ వరుసగా వదులు చేయాలి. ఇంజన్ ఒకసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక, బిగింపు మళ్లీ సరిచూసి ట్యాపెట్ సందులను (వాల్వుకూ రాకరుకూ మధ్య ఖాళీని) తిరిగి సెట్ చేయాలి.

ఆయిల్ కారే చోట్లకు వస్తే పోటీ కార్కు ప్యాకింగుకు, రబ్బరు కలిపిన కార్కుకు, సిలికానుకు మధ్య. మానిఫోల్డ్ (గాలి, పొగ గొట్టాల సముదాయం) కింద దాక్కున్న రెండు పక్క మూతలు ఈ ఇంజన్‌కు పేరుమోసిన లీకులు. ఒక్కో మూతకు నడిమధ్య ఒకే బోల్టు ఉంటుంది కాబట్టి, గట్టిగా బిగించే కొద్దీ మూత వంగి అంచులు లేస్తాయి. అక్కడ రబ్బరు కార్కు మేలు. మూత వైపు మాత్రం అంటించి, ప్యాకింగ్ కొద్దిగా అణిగేంత వరకే బిగించాలి. రాకర్ మూతకు మామూలు కార్కే చాలు, ట్యాపెట్లు సెట్ చేసిన ప్రతిసారీ మూత తీస్తాం గనుక హెడ్డు వైపు పొడిగా వదిలేయాలి. నిల్వ ఉండి కుంచించుకుపోయిన కార్కును లాగి సాగదీయకుండా కాసేపు గోరువెచ్చని నీళ్లలో నానబెడితే కొలతకు వస్తుంది.

సిలికాన్‌ను చాంబరు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) మూలల్లో, బేరింగ్ క్యాపుల మీది కార్కు పట్టీలు పక్క ప్యాకింగులను కలిసే చోట, శనగగింజంత పెడతాను, అంతకు మించి పెట్టను. వేరే చోట కట్టించుకుని నా దగ్గరికి వచ్చిన ఒక ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి తగ్గిందని చెప్పే లైటు ఆరడం లేదు. చాంబరు దించి చూస్తే, లోపలికి పొంగిన సిలికాన్ వానపాముల్లా తెగిపడి ఆయిల్ వడపోసే స్ట్రైనరు జాలీకి చుట్టుకుని ఉంది. బేరింగులు అప్పటికే గీతలు పడ్డాయి. కొత్తగా కట్టిన ఇంజన్‌ను అలా మళ్లీ విప్పవలసి రావడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇక క్రాంకు షాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనుక కొసన కారే ఆయిల్ గురించి. అక్కడ సీలు లేదు, ఆయిల్‌ను వెనక్కి నెట్టే మరచుట్టు గాడి మాత్రమే ఉంది. రాత్రంతా నిలిపితే క్లచ్ హౌసింగ్ కింద నాలుగైదు చుక్కలు పడడం ఆ అమరికలో సహజం, దాన్ని ఏ ప్యాకింగూ ఆపలేదు.